ఉపగ్రహం చెప్పే అడవి ఎత్తు: లైడార్, రాడార్ అంకెల్లో దేన్ని ఎంత నమ్మాలి

2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్16 రాకెట్ ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహం నిసార్‌ను కక్ష్యలోకి చేర్చింది. అప్పట్నుంచి పత్రికల్లో, యూట్యూబ్‌లో ఒక మాట తరచు వినిపిస్తోంది: ‘ఇక అడవిలో చెట్ల ఎత్తు ఆకాశం నుంచే కొలిచేయొచ్చు’. ఈ మాటలో కొంత నిజముంది, కొంత గందరగోళముంది. అడవి ఎత్తును అంతరిక్షం నుంచి నేరుగా కొలిచే పరికరాలు ఉన్నాయి, కానీ నిసార్ ఆ పని కోసం తయారైన ఉపగ్రహం కాదు. మరోవైపు, ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి చూడగలిగే ‘అడవి ఎత్తు’ మ్యాపుల్లో చాలావాటిలో కనిపించే అంకె ఆ చోట ఎవరూ కొలిచింది కాదు. వేరే చోట కొలిచినదాన్ని బట్టి కంప్యూటర్ వేసిన అంచనా. కార్బన్ క్రెడిట్లు, పోడు భూముల వివాదాలు, అటవీ విస్తీర్ణం లెక్కలు ఇలాంటి మ్యాపుల మీద ఆధారపడే రోజులు వచ్చాయి కాబట్టి, ఆ అంకె ఎలా పుడుతుందో విడదీసి చూడటం అవసరం.

ఎత్తు అంటే ఏ ఎత్తు?

మొదటి చిక్కు పరికరాలది కాదు, ప్రశ్నది. 25 మీటర్ల వ్యాసం ఉన్న ఒక వృత్తాన్ని అడవిలో గీశామనుకుందాం. దాని వైశాల్యం సుమారు 490 చదరపు మీటర్లు. అందులో 26 మీటర్ల ఎత్తున్న నల్లమద్ది ఒకటి ఉంది, దాని తలకట్టు 8 మీటర్ల వెడల్పు. చుట్టూ 12 మీటర్ల చెట్లు పదకొండు. వీటి కొమ్మలు వృత్తంలో సగాన్ని కప్పితే, మద్ది పదో వంతును కప్పుతుంది. మిగతా నలభై శాతం ఖాళీ నేల, గడ్డి.

ఇక్కడ అడవి ఎత్తెంత? అన్నిటికన్నా పొడవైన చెట్టు లెక్కన 26 మీటర్లు. చెట్ల ఎత్తుల సగటు తీస్తే (26 + 11 × 12) ÷ 12, అంటే 13 మీటర్ల పైచిలుకు. వృత్తంలోని ప్రతి చదరపు మీటరులోనూ పైన తగిలే ఆకు ఎత్తు తీసుకుని, ఖాళీ నేలను సున్నాగా కలిపి సగటు కడితే దాదాపు 8 మీటర్లు. లైడార్ డేటాలో ఎక్కువగా వాడే కొలమానం (ఆర్‌హెచ్98, వివరం కింద) మాత్రం 25 మీటర్ల చుట్టుపక్కల ఏదో ఒకటి చెబుతుంది. నాలుగూ సరైన జవాబులే. రెండు మ్యాపులు ఒకే గుట్ట మీద వేర్వేరు ఎత్తులు చూపిస్తే, ఒకటి తప్పు అనుకునే ముందు రెండూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నాయో లేదో చూడాలి. చాలా తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

లైడార్: కాంతి పోయి వచ్చిన వ్యవధి

లైడార్ సూత్రం తేలిక. లేజర్ నుంచి అతి చిన్న కాంతి మెరుపును కిందికి పంపుతారు. అది తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన వ్యవధిని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం. పోనూ రానూ లెక్క కాబట్టి ఒక నానోసెకను 15 సెంటీమీటర్ల ఎత్తుకు సమానం. 20 మీటర్ల చెట్టు కొనకు తగిలిన కాంతికీ, దాని మొదట్లో నేలకు తగిలిన కాంతికీ మధ్య తేడా 133 నానోసెకన్లు మాత్రమే.

అడవుల కోసమే తయారై కక్ష్యలో పనిచేస్తున్న లైడార్ పేరు జెడై. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో నాసా రూపొందించిన ఈ పరికరం 2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది. జపాన్ వాళ్ల కిబో మాడ్యూల్ బయటి వేదికకు దాన్ని బిగించారు. 2023లో ఆ చోటు వేరే పరికరానికి కావాల్సి రావడంతో దీన్ని విప్పి పక్కన భద్రపరిచి, 2024లో మళ్లీ పనిలోకి దించారు. అంటే ఆ మధ్యకాలానికి డేటా లేదు. ఏడాదివారీ పోలికలు చేసేవాళ్లు తరచు మరిచిపోయే ఖాళీ ఇది.

జెడైలో మూడు లేజర్లున్నాయి. ఒకదాన్ని రెండుగా చీల్చి, పుంజాలను అటూ ఇటూ వంచి నేల మీద మొత్తం ఎనిమిది వరుసల్లో చుక్కలు వేస్తారు. ఒక్కో చుక్క 25 మీటర్ల వెడల్పు. వరుసలో చుక్కకూ చుక్కకూ 60 మీటర్లు, వరుసకూ వరుసకూ 600 మీటర్లు. తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి కనిపించని సమీప పరారుణం. పచ్చటి ఆకు ఈ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు.

తిరిగొచ్చేది ఒక్క ప్రతిధ్వని కాదు. మొదట చెట్టు కొనల నుంచి కాస్త, తర్వాత దట్టమైన కొమ్మల నుంచి ఎక్కువ, ఆకుల సందుల్లోంచి దూరి నేలను తాకిన కాంతి చివర్లో వస్తుంది. వ్యవధిని బట్టి ఈ బలాన్ని గ్రాఫుగా గీస్తే ఎగుడుదిగుడు గీత వస్తుంది. అడవి నిర్మాణం అంటే ఈ గీత ఆకారమే: ఒకే అంతస్తు ఉన్న టేకు తోటకు పైన ఒక గుబ్బ, నేల దగ్గర ఇంకో గుబ్బ ఉంటాయి, పైన మద్ది, నడిమి తునికి, కింద పొదలు ఉన్న సహజ అడవిలో గీత పొడుగునా పరుచుకుని ఉంటుంది.

ఈ గీత నుంచే ఆర్‌హెచ్ (రిలేటివ్ హైట్, అంటే నేలతో పోల్చిన ఎత్తు) అనే కొలతలు తీస్తారు. నేల నుంచి పైకి శక్తిని కూడుతూ పోతే ఎంత ఎత్తు దగ్గర 98 శాతం పూర్తవుతుందో అది ఆర్‌హెచ్98. నూరు శాతం దగ్గర రణగొణ సంకేతాలు కలిసిపోతాయి కాబట్టి 98నో 95నో వాడతారు. ఆర్‌హెచ్50 కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. పలుచటి అడవిలో అది మైనస్ అంకె కూడా కావచ్చు. ఇందులో తప్పేమీ లేదు. నేల తాలూకు గుబ్బ నడిమి బిందువును సున్నాగా పెడతారు, ఆ గుబ్బలో సగం సున్నాకు దిగువనే ఉంటుంది. చెట్లు చాలా తక్కువై వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం నేలదే అయితే యాభై శాతం అక్కడే పూర్తయిపోతుంది.

ఇంకో పరికరం ఐస్‌శాట్-2. 2018 సెప్టెంబరులో వెళ్లిన ఈ ఉపగ్రహం పేరుకు తగ్గట్టే మంచు కోసం పుట్టింది, అడవి దానికి అదనపు పని. సెకనుకు పది వేల మెరుపులు పంపుతుంది, చుక్కలు 70 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఒకదానిమీద ఒకటి పడతాయి. తిరిగొచ్చే కాంతిని గ్రాఫుగా కాక ఒక్కో ఫోటాన్‌గా పట్టుకుని లెక్కిస్తుంది. అడవి మీద ఒక్కో మెరుపుకు చిక్కే ఫోటాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వాడేది 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి. దాన్ని ఆకులు చాలావరకు పీల్చేసుకుంటాయి. పగలు ఎండ తాలూకు ఫోటాన్లు కలగాపులగమవుతాయి. అందుకే 100 మీటర్ల ముక్కలో వచ్చినవన్నీ పోగేసి ఎత్తు తీస్తారు, రాత్రి డేటానే ఎక్కువ నమ్ముతారు. జెడై 51.6 డిగ్రీల అక్షాంశం దాటి చూడలేదు కనుక సైబీరియా, ఉత్తర కెనడా అడవులకు దిక్కు ఐస్‌శాట్-2నే. మన నల్లమలకు మాత్రం జెడైది పైచేయి.

వాలు, జరుగుబాటు, ఆకురాలు కాలం: లైడార్ తప్పే చోట్లు

లైడార్‌కు నిలువు కొలతలో మంచి పేరుంది. ఆ పేరు చదునైన నేల మీద సంపాదించుకున్నది. శేషాచలం, పాపికొండల లాంటి చోట్ల కథ వేరు. 25 మీటర్ల చుక్క 30 డిగ్రీల వాలు మీద పడిందనుకోండి. చుక్క ఎగువ అంచుకూ దిగువ అంచుకూ నేల ఎత్తులోనే 25 × 0.577 (30 డిగ్రీల టాన్ విలువ), అంటే 14 మీటర్ల పైచిలుకు తేడా ఉంటుంది. అక్కడ ఒక్క చెట్టు లేకపోయినా తిరిగొచ్చిన గీత 14 మీటర్ల మేర సాగి, అచ్చం అడవిలాగే కనిపిస్తుంది. 10 డిగ్రీల వాలులో ఈ సాగుదల నాలుగున్నర మీటర్లు. చెట్లుంటే ఇంకా చిక్కు: పై అంచు దగ్గరి నేల, కింది అంచులోని చెట్టు కొమ్మలు ఒకే మట్టంలో కలిసిపోతాయి, నేల గుబ్బ ఎక్కడుందో అల్గారిథమ్ గుర్తించలేదు. వాలు ఎక్కువున్న చుక్కల్ని పక్కన పెట్టడం మామూలు జాగ్రత్త. కానీ తూర్పు కనుమల్లో మిగిలిన మంచి అడవి ఉన్నదే నిటారు వాలుల మీద. అవి తీసేస్తే మిగిలేది చదును మీది నరికిన అడవి. ఈ పక్షపాతం లెక్కల్లో నిశ్శబ్దంగా చేరుతుంది.

రెండోది చుక్క స్థానం. జెడై చుక్క అనుకున్న చోటుకు పది మీటర్ల అటూఇటూగా పడి ఉండవచ్చు. వినడానికి చిన్నదే. కానీ 25 మీటర్ల వృత్తాన్ని 10 మీటర్లు జరిపితే పాత, కొత్త వృత్తాలు పంచుకునే వైశాల్యం సగమే. నేల మీద టేపు పట్టి కొలిచిన ప్లాటుతో పోల్చేవాళ్లు చెట్లలో సగం వేరేవని గుర్తుపెట్టుకోవాలి. పైగా దట్టమైన కొమ్మల కింద చేతి జీపీఎస్ కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది. ఒకే రకం చెట్లున్న పెద్ద అడవి ముక్కల్లో ఈ జరుగుబాటు పట్టించుకోనక్కర్లేదు. అడవి అంచుల్లో, పోడు చేల పక్కన ఫలితాన్నే తలకిందులు చేస్తుంది.

మూడోది మన అడవులకు ప్రత్యేకమైన చిక్కు. లేజర్ మబ్బును దాటలేదు. నల్లమల, కవ్వాల్ మీద వానాకాలమంతా మబ్బే, అప్పుడే అడవి నిండు ఆకుతో ఉంటుంది. నిర్మలాకాశం దొరికే మాఘ ఫాల్గుణాల నుంచి ఎండాకాలం దాకా చెట్లు ఆకు రాల్చి మోడులై ఉంటాయి. అంటే మంచి డేటాలో పెద్ద వాటా ఆకుల్లేని అడవిదే. మోడు కొమ్మల నుంచి ప్రతిధ్వని బలహీనం, నేల నుంచి బలంగా వస్తుంది. దానివల్ల ఆర్‌హెచ్98 కొంత తగ్గుతుంది, కానీ అసలు దెబ్బ తినేది ఆకుల దట్టం, నడిమి అంతస్తుల లెక్క. జెడై డేటాలో ఆకు రాలిన కాలపు కొలతలకు ఒక గుర్తు ఉంటుంది. దాన్ని చూడకుండా మార్చి చుక్కనూ అక్టోబరు చుక్కనూ కలిపి సగటు కడితే వచ్చేది ఏ ఋతువు అడవీ కాదు.

ఇవి కాక చిన్నాచితకా సంగతులున్నాయి. మెరుపు నిడివే 15 నానోసెకన్లకు దగ్గర, అంటే రెండు మీటర్ల పైన. కాబట్టి ఆ ఎత్తులోని పొదలు నేల గుబ్బలోనే కలిసిపోతాయి, తుప్పల అడవిలో జెడైకి పెద్ద పని లేదు. చీల్చిన పుంజాల బలం తక్కువ, దట్టమైన అడవిలో నేలను చేరకపోవచ్చు. ‘సెన్సిటివిటీ’ అనే అంకె దీన్నే చెబుతుంది: 0.95 ఉంటే, నేలలో 95 శాతం కప్పి ఉన్నా మిగిలిన సందుల్లోంచి నేలను పట్టగలదని అర్థం. దట్టమైన వాన అడవులకు 0.98 అడుగుతారు. ఇక కోరింగ మడ అడవి డేటా తెరిచి నేలమట్టం మైనస్ డెబ్భైల్లో ఉందని నివ్వెరపోయేవాళ్లూ ఉంటారు. లైడార్ ఎత్తుల్ని భూమి గణిత ఆకారంతో పోల్చి ఇస్తారు, సముద్రమట్టంతో కాదు. దక్షిణ భారతం దగ్గర ఆ రెంటికీ అంత తేడా ఉంది. చెట్టు ఎత్తు తీసివేత కాబట్టి దానికి హాని లేదు. వేరే ఎత్తుల మ్యాపుతో కలిపితేనే ముప్పు.

వీటన్నిటినీ మించిన పరిమితి, లైడార్ వేసేవి చుక్కలే కావడం. ఒక దాటులో, అంటే పరికరం ఒకసారి మీదుగా పోయినప్పుడు, చుక్కలు కప్పే నేల ఎంతో మీరే లెక్క కట్టవచ్చు: 60 × 600 చదరపు మీటర్లకు ఒక 490 చదరపు మీటర్ల చుక్క, అంటే 1.4 శాతం. మిగతా 98 శాతం గురించి అది మాట్లాడదు.

రాడార్: మబ్బుల్లోంచి, ఆకుల్లోంచి

ఆ ఖాళీని పూరించేది రాడార్. ఇది సూక్ష్మతరంగాల్ని ఏటవాలుగా పంపి, వెనక్కి వచ్చినవాటితో మొత్తం నేలను బొమ్మ కడుతుంది. మబ్బు, చీకటి అడ్డు కావు. అడవిలో ఎంత లోతుకు వెళ్తుందనేది తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. తరంగం తనకన్నా బాగా చిన్న వస్తువుల్ని పెద్దగా పట్టించుకోదు, తనంతటి వస్తువులకు గట్టిగా తగిలి చెదురుతుంది. 3 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్ పై ఆకుల దగ్గరే ఆగుతుంది. 5–6 సెంటీమీటర్ల సి బ్యాండ్ చిన్న రెమ్మల దాకా పోతుంది. నిసార్‌లో ఇస్రో అమర్చిన ఎస్ బ్యాండ్ 9–10 సెంటీమీటర్లు, నాసా అమర్చిన ఎల్ బ్యాండ్ 24 సెంటీమీటర్లు. ఎల్ బ్యాండ్‌కు పెద్ద కొమ్మలు, బోదెలు కనిపిస్తాయి. 2025 ఏప్రిల్ 29న ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన బయోమాస్ ఉపగ్రహానిది పి బ్యాండ్, సుమారు 70 సెంటీమీటర్లు. అది దట్టమైన వాన అడవిలోనూ మాను దాకా, నేల దాకా చేరుతుంది.

రాడార్ నేరుగా ఇచ్చేది ఎత్తు కాదు, వెలుగు, అంటే వెనక్కి వచ్చిన తరంగం బలం. అడ్డంగా కంపించే తరంగాన్ని పంపి, నిలువుగా కంపిస్తూ తిరిగొచ్చిన భాగాన్ని కొలిస్తే అది కొమ్మల చిక్కదనాన్ని బాగా పట్టిస్తుంది. నున్నటి నేల తరంగాన్ని అలా తిప్పలేదు. కలప ఎక్కువైన కొద్దీ ఈ వెలుగు పెరుగుతుంది, కానీ ఒక హద్దు దాకానే. హెక్టారుకు 20 టన్నుల తుప్ప అడవి 40 టన్నులైతే ఎల్ బ్యాండ్ బొమ్మలో తేడా స్పష్టం. 150 టన్నులది 200 అయితే దాదాపు ఏమీ కనబడదు. తరంగం పై పొరల్లోనే చెదిరిపోయి, వెనకున్న కలప లెక్కలోకి రాదు. అందుకే నిసార్ లక్ష్యాన్ని నాసా నిజాయతీగానే రాసుకుంది: హెక్టారుకు 100 టన్నుల లోపు ఉన్న అడవుల్లో, హెక్టారు పరిమాణంలో, 20 టన్నుల తేడాతో బయోమాస్ చెప్పడం. బయోమాస్ అంటే నేలపైన ఉన్న బోదె, కొమ్మ, ఆకు అన్నిటి ఎండు బరువు. అమెజాన్‌కు ఈ హద్దు చాలదు. రాయలసీమ చిట్టడవులకు, తెలంగాణ ఎండు అడవుల్లో చాలా భాగానికి మాత్రం ఇది అక్కరకొచ్చే పరిధే.

వెలుగును మార్చేది కలప ఒక్కటే కాదు, నీరు కూడా. వాన పడిన మర్నాడు తడి నేల, తడి కొమ్మలు బొమ్మను వెలిగిస్తాయి. ఆ వెలుగును చెట్లు పెరిగాయని చదివితే తప్పు. మడ అడవిలో ఇది ఇంకా విచిత్రం. నిసార్ ఎస్ బ్యాండ్ తొలి బొమ్మగా ఇస్రో విడుదల చేసింది గోదావరి డెల్టానే. అందులో మడ, పొలాలు, చేపల చెరువులు విడివిడిగా తెలుస్తాయి. ఇలాంటి చోట పోటు వేళ నీరు బోదెల మధ్యకు వస్తే, తరంగం నీటి మీద జారి బోదెకు తగిలి తిన్నగా ఉపగ్రహం వైపు మళ్లుతుంది. పాటు వేళ బురద మీద అదే చెట్టు వేరే వెలుగుతో కనిపిస్తుంది. మడ అడవి మీద రాడార్ లెక్క కట్టేవాళ్లు బొమ్మ తీసిన గంటకు ఆటుపోట్ల పట్టిక చూడకపోతే, సముద్రాన్ని కొలిచి చెట్టని రాసినట్టే.

రాడార్‌తో ఎత్తు తీయాలంటే: నిసార్ ఎందుకు తడబడుతుంది

రాడార్‌తో నేరుగా ఎత్తు తెలుసుకోవడానికి ఒక దారి ఉంది, ఇంటర్‌ఫెరోమెట్రీ. ఒకే చోటును కాస్త ఎడంగా ఉన్న రెండు స్థానాల నుంచి చూసి, రెండు తరంగాల దశల మధ్య తేడాను కొలుస్తారు (దశ అంటే తరంగం తన ఎగుడుదిగుడు చుట్టులో ఏ స్థానంలో ఉందన్నది). వస్తువు ఎత్తు మారితే ఆ తేడా మారుతుంది. ఎంత మారుతుందనేది స్థానాల మధ్య ఎడం మీద ఆధారపడుతుంది.

నిసార్ విషయంలో అంకెలు వేసి చూద్దాం. తరంగం 0.24 మీటర్లు, ఏటవాలు దూరం సుమారు 900 కిలోమీటర్లు, చూపు కోణం 40 డిగ్రీలు, రెండు దాటుల మధ్య ఎడం 100 మీటర్లు అనుకుందాం. దశ ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు తిరగాలంటే ఎత్తు 0.24 × 9,00,000 × 0.64 ÷ (2 × 100), దాదాపు 700 మీటర్లు మారాలి (0.64 అనేది 40 డిగ్రీల సైన్ విలువ). 20 మీటర్ల చెట్టు తెచ్చే మార్పు పది డిగ్రీలు. అదే సమయంలో గాలిలోని తేమ వల్ల తరంగ మార్గం ఒక్క సెంటీమీటరు పెరిగితే, పోనూ రానూ కలిపి 30 డిగ్రీల తేడా వస్తుంది. చెట్టు సంకేతం తేమలో మునిగిపోతుంది.

ఎడం పెంచవచ్చు కదా అంటే, నిసార్ అసలు పని భూకంపాల తర్వాత, అగ్నిపర్వతాల దగ్గర, భూగర్భజలం తోడేసిన చోట నేల ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో చెప్పడం. దానికి ఎడం ఎంత తక్కువుంటే అంత మంచిది. ప్రతి 12 రోజులకూ అది తన పాత దారిలోకే, కొన్ని వందల మీటర్ల లోపు తేడాతో తిరిగొస్తుంది. అంటే చెట్టు ఎత్తు దశలో కనబడకుండా చేయడమే దాని రూపకల్పనలో గొప్పతనం. పైగా 12 రోజుల్లో గాలికి కొమ్మలు కదులుతాయి, ఆకులు రాలతాయి. రెండు చూపుల మధ్య పోలికే చెదిరిపోతుంది. ఈ చెదరడాన్నే అడవి ఎత్తుకు సూచికగా వాడే పరిశోధనలున్నాయి, కానీ అవి లైడార్‌తో సరిచూసుకుంటూ పోవాల్సిన పద్ధతులు. నిసార్ అడవికి పనికిరాదని కాదు. దాని బలం వెలుగులో, మబ్బుల కింద ఏడాది పొడుగునా విడవకుండా చూడగలగడంలో ఉంది.

ఎడం సమస్యను జర్మనీ ఇంకోలా తీర్చింది. 2010లో వెళ్లిన టాన్‌డెమ్-ఎక్స్, దాని ముందు వెళ్లిన టెర్రాసార్-ఎక్స్ జంటగా ఎగురుతూ ఒకే క్షణంలో చూస్తాయి. గాలి, వాన తేడాలు లేవు. కానీ 3 సెంటీమీటర్ల తరంగం దట్టమైన అడవిలో నేలను చేరదు. పై ఉపరితలం తెలుస్తుంది, చెట్టు మొదలు తెలియదు. నేలమట్టాన్ని జెడై చుక్కల నుంచి అరువు తెచ్చుకుని రెంటినీ కలిపే ప్రయత్నాలు అందుకే వచ్చాయి.

బయోమాస్ ఉపగ్రహం ఇంకో అడుగు ముందుకేసింది. మొదటి విడతలో అది ఒకే చోటును మూడేసి రోజుల తేడాతో, ప్రతిసారీ కాస్త పక్కకు జరిగి ఏడుసార్లు చూస్తుంది. ఆ ఏడు చూపుల్ని కలిపితే అడవి అడ్డకోత బొమ్మ వస్తుంది, ఏ ఎత్తులో ఎంత కలప ఉందో పొరలు పొరలుగా. అయితే చివరికి ఇచ్చే మ్యాపు చదరం (ఒక్కో అంకె వచ్చే అతి చిన్న గడి) 200 మీటర్లు, అంటే నాలుగు హెక్టార్లు. ఏజెన్సీలో ఒక చదరంలో సగం పోడు, సగం గుట్ట అడవి ఉంటే రెండూ కలిసి మధ్యస్థమైన ఒక అంకె అయిపోతాయి. ఐరోపా, ఉత్తర అమెరికాల మీద ఈ రాడార్‌ను తిప్పరు కూడా. అమెరికా సైన్యపు అంతరిక్ష నిఘా రాడార్లు ఇదే పౌనఃపున్యంలో ఉండటం కారణం. ఉష్ణమండల అడవులకు ఆ అడ్డు లేకపోవడం ఒక అదృష్టం.

చుక్కల నుంచి మ్యాపు: ఇక్కడే అసలు వాదన

మొబైల్‌లో తెరుచుకునే రంగుల మ్యాపులు ఎలా పుడతాయి? ఉపగ్రహ ఫోటో తీసుకుంటారు. జెడై చుక్క పడిన ప్రతి చోటా ఫోటోలోని రంగు, నీడ, ఋతువారీ మార్పు ఒక వైపు, కొలిచిన ఎత్తు ఇంకో వైపు పెట్టి కంప్యూటర్‌కు నేర్పుతారు. ఆ తర్వాత చుక్క పడని చోట్ల ఫోటోను బట్టి ఎత్తును ఊహిస్తుంది. 2021లో మేరీల్యాండ్ బృందం ల్యాండ్‌శాట్ ఉపగ్రహ ఫోటోలతో 30 మీటర్ల మ్యాపు, 2023లో జ్యూరిక్ బృందం సెంటినెల్-2 ఉపగ్రహ ఫోటోలతో 10 మీటర్ల మ్యాపు ఇచ్చాయి. మెటా, వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి, ప్రధానంగా విమానం నుంచి తీసిన లైడార్‌తో నేర్పి, 1 మీటరు మ్యాపు దాకా వెళ్లాయి.

వీటిని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. చుక్కలతో విధానాలు నడవవు, జిల్లా అధికారికి మొత్తం బొమ్మ కావాలి. ఏ కొలతా లేని దేశాల్లో ఇదే మొదటి ఆధారం. పెద్ద విస్తీర్ణం మీద సగటు తీస్తే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎదుటివాళ్ల మాటా బలమైనదే. ఫోటోకు నిజానికి ఎత్తు కనబడదు, పొట్టి అడవిని కాస్త పొడుగుగా, పొడుగు అడవిని కాస్త పొట్టిగా చూపించి సగటు వైపు లాగడం ఈ నమూనాల స్వభావం. ఖమ్మం జామాయిల్ తోట, దాని పక్కన సహజ అడవి ఒకే ఆకుపచ్చలో ఉంటే గందరగోళపడతాయి. చదరం సన్నబడిన కొద్దీ మ్యాపు నిజమనిపిస్తుంది, కానీ చదరం పరిమాణం వేరు, తెలిసిన సమాచారం వేరు.

ఇద్దరి మాటలకూ సరిహద్దు గీసేది తప్పు రకం. యాదృచ్ఛికంగా అటూ ఇటూ పడే 4 మీటర్ల తప్పు, వంద స్వతంత్ర చుక్కల సగటులో 40 సెంటీమీటర్లకు పడిపోతుంది. వాలు వల్ల ఎప్పుడూ ఒకే వైపు వచ్చే 3 మీటర్ల తప్పు, లక్ష చుక్కలు కలిపినా 3 మీటర్లే. రాష్ట్ర సగటుకు మ్యాపు సరిపోయి, ఒక గ్రామ సరిహద్దు తగాదాలో పనికిరాకపోవడం అందుకే సాధ్యం. నా లెక్కలో, ఏ మ్యాపైనా ప్రతి చదరానికీ దాని అనిశ్చితిని పక్కనే ఇవ్వకపోతే దాన్ని భూమి మీద హక్కుల నిర్ణయానికి తీసుకురాకూడదు. జ్యూరిక్ మ్యాపు అనిశ్చితిని ఇస్తుంది, కానీ దాన్ని తెరిచి చూసేవాళ్లే తక్కువ.

ఎత్తు నుంచి బరువుకు, బరువు నుంచి కార్బన్‌కు

అడవి ఎత్తు మీద ఇంత ఆసక్తి కార్బన్ లెక్క కోసమే. ఉష్ణమండల చెట్లకు ఎక్కువగా వాడే 2014 నాటి ఒక సూత్రం ప్రకారం ఎండు బరువు కిలోల్లో 0.0673 × (కలప సాంద్రత × వ్యాసం² × ఎత్తు)^0.976. సాంద్రత 0.6, ఛాతీ ఎత్తులో వ్యాసం 30 సెంటీమీటర్లు, ఎత్తు 18 మీటర్లు ఉన్న చెట్టుకు సుమారు 525 కిలోలు వస్తుంది. ఎత్తు 21 అని పొరబడితే 610. మూడు మీటర్ల తప్పు 16 శాతం బరువును కలిపేసింది.

ఇందులో ఉపగ్రహానికి తెలిసేది మూడింట ఒకటి. వ్యాసం తెలియదు. సాంద్రత తెలియదు: శేషాచలం ఎర్రచందనం చేవ నీటిలో మునిగేంత బరువు, బూరుగు దూదిలా తేలిక, ఎత్తు ఒకటే అయినా కార్బన్ ఒకటి కాదు. అందుకే జెడై బయోమాస్ అంకె కూడా చుక్కకు చుక్కకు కొలిచింది కాదు. ప్రాంతం, అడవి రకాన్ని బట్టి నేల మీది ప్లాట్లతో కట్టిన సమీకరణాల ఫలితం. ఆ ప్లాట్లు తక్కువున్న చోట సమీకరణం వేరే దేశపు అడవి నుంచి అరువు వస్తుంది. కాబట్టి ఉపగ్రహాలొచ్చాక నేల మీద టేపు పట్టే పని తగ్గదు. ఎక్కడ పట్టాలో కాస్త మెరుగ్గా తెలుస్తుంది, అంతే.

రెండు ఏళ్ల మ్యాపుల్ని ఒకదాన్లోంచి ఒకటి తీసేసి ‘పెరుగుదల’ చూపించేవాళ్లకు ఈ అంకెలు గట్టి పరీక్ష. ఎండు అడవిలో పెద్ద చెట్టు ఏడాదికి పెరిగేది మహా అయితే కొన్ని పదుల సెంటీమీటర్లు. ఐదేళ్లకు ఒకటిన్నర, రెండు మీటర్లు. మ్యాపు తప్పు 4 మీటర్లయితే, ఒకే చదరంలో ఆ పెరుగుదల కనబడదు. కనబడినట్టు రంగు మారితే అది చాలావరకు ఋతువు తేడానో, డేటా వెర్షన్ తేడానో. నరికివేత అలా కాదు. 15 మీటర్ల అడవి ఒక వేసవిలో సున్నా అవుతుంది, ఆ తేడా ముందు 4 మీటర్ల తప్పు చిన్నది. రాడార్‌లోనూ అంతే, కొమ్మలు పోతే వెలుగు ఒక్కసారిగా పడిపోతుంది. 12 రోజులకోసారి వచ్చే నిసార్ దాన్ని జడివానలోనూ పట్టగలదు. ఇప్పుడున్న పరికరాలు పోయిన అడవిని నెలల్లో చెబుతాయి, పెరిగిన అడవిని నమ్మకంగా చెప్పడానికి పదేళ్ల డేటా అడుగుతాయి.